మేస్త్రమ్మ ముక్క

“ఇంకొక్క మాట మాట్లాడావంటే కట్ట మొత్తం పొయ్యిలో పోతుంది,” అంది లెంచే.

ఊరికే బెదిరింపు కాదు. పెరట్లో పొయ్యి నిజంగానే మండుతోంది. ఐవార్ పచ్చడి కోసం అరచేయంత ఎర్ర మిరపకాయలు పొద్దుటినుంచీ ఇనపరేకు మీద కాలుతున్నాయి. లెంచే ఎడంచేతిలో పట్టకారు ఉంది, కుడిచేతిలో పేక కట్ట ఉంది. అది అంగట్లో కొన్న పేక కాదు. కూతురూ, కూతురి స్నేహితులిద్దరూ రెండు నెలలపాటు అట్టలు కత్తిరించి, బొమ్మలు గీసి, రూళ్లు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి తయారుచేసుకున్న పేక.

కూతురి పేరు కాలినా. ఆ బెదిరింపుకి వెనక్కి తగ్గలేదు. పదిహేడేళ్ల పిల్ల, పొయ్యికి అవతలివైపు చేతులు కట్టుకుని నిలబడింది.

“వెయ్యి,” అంది చివరికి. “నెవెనా మళ్లీ గీస్తుంది. ఈసారి ఇంకా పెద్దగా గీస్తుంది.”

“విన్నావా అమ్మా, దీని పొగరు?”

పీట మీద కూర్చుని కాలిన కాయల తొక్క ఒలుస్తున్న సుల్తానా తలెత్తలేదు. “నన్ను మధ్యలోకి లాగకండి. నాకు ఇంకా రెండు తట్టలున్నాయి.”

“లాగకపోతే ఎలా? శుక్రవారం ఆ ఆఫీసు గదిలో నిలబడింది నువ్వు కాదు, నేను.”

అప్పటికి ఆ మాట నాలుగోసారి. శుక్రవారం షిఫ్టు దిగే వేళ కుట్టు ఫ్యాక్టరీ యజమాని స్లావ్కో ఆమెను పిలిచి తన ఫోను చూపించాడు. బళ్లో ఎవరో తీసిన ఫొటో అది. ఒక పేక ముక్క మీద, జుట్టు బిగించి ముడివేసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కింద ‘మేస్త్రమ్మ’ అని రాసి ఉంది. ఆ కింద చిన్న అక్షరాల్లో: ‘అందరికన్నా వెనకబడ్డవాళ్ల చేతిలోంచి ఒక ముక్క లాక్కుంటుంది.’

ఫ్యాక్టరీలో మూడో కుట్టు లైనుకి మేస్త్రమ్మ లెంచేయే. బొమ్మలో ఉన్నది కూడా లెంచేయే. ఊళ్లో ఎవరు చూసినా చెబుతారు.

“అచ్చం నువ్వే లెంచే, బాగా గీశారు, అని నవ్వాడు. నవ్వి, ‘వచ్చే శనివారం బళ్లో పిల్లలు చేసినవాటి ప్రదర్శన ఉంది కదా, బహుమతులిచ్చేది నేనే కదా, ఇది అక్కడ నా కంటపడకుండా చూసుకో’ అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. నవ్వాడు.”

“అయితే నువ్వేమన్నావు?” అంది కాలినా.

“ఏమంటాను? సరేనన్నాను.”

“ఎప్పుడూ సరేనంటావు.”

పట్టకారు రేకు మీద ఠంగున పడింది. సుల్తానా చేతిలో కాయ అలాగే ఆగిపోయింది.

“ఏమన్నావే?”

“నిజమే అన్నాను. అతను నోర్మా పెంచితే సరేనంటావు. శనివారం కూడా రమ్మంటే సరేనంటావు. మా ఆట వద్దంటే సరేనంటావు. ఆ బొమ్మ గీసింది నెవెనాయే గానీ, ఎలా గీయాలో చెప్పింది నేను. కిందటి వేసవిలో నువ్వు మర్చిపోయిన అన్నంగిన్నె ఇవ్వడానికి వచ్చినప్పుడు వీధివైపు కిటికీలోంచి చూశాను. ఒకావిడ లేచి నిలబడితే ఆవిడ మీద ఎలా అరిచావో చూశాను.”

నోర్మా అంటే ఆ ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు. ఒక మనిషి ఒక రోజులో కుట్టి పడెయ్యాల్సిన లెక్క. పిల్లలు తమ ఆటకి పెట్టిన పేరు కూడా అదే.

లెంచే పట్టకారు మళ్లీ అందుకుంది. రేకు మీద ఒక కాయ పగిలి చిటపటలాడింది.

“బొమ్మ బాగాలేదని కాదే నా బాధ,” అంది తర్వాత, గొంతు తగ్గించి. “ఇన్నాళ్లూ నన్ను అలాగే చూస్తున్నావన్నమాట.”

కట్టుకున్న చేతులు విప్పడానికి కాలినాకి మనసొప్పలేదు.

అప్పుడే గేటు చప్పుడైంది. దమ్యాన్, నెవెనా వచ్చారు. రొట్టెలబట్టీ ఆయన కొడుకు దమ్యాన్ చంకలో ఎప్పట్లాగే లెక్కల పుస్తకం ఉంది. వాడు లెంచే చేతిలో పేకనీ, పొయ్యినీ మార్చి మార్చి చూశాడు.

“మేం తర్వాత రామా?” అన్నాడు.

“రండిరా, సరిగ్గా దహనం వేళకొచ్చారు,” అంది సుల్తానా. అప్పుడు పీట మీదనుంచి లేచి, చేతులు గౌనుకి తుడుచుకుంది. “ఒసే లెంచే, నా డెబ్బయ్యేళ్లలో ఒక్కసారైనా ఆడకుండా ఏ పేకనీ తగలబెట్టలేదు నేను. ముందు ఒక ఆట వేద్దాం. నచ్చకపోతే నేనే పొయ్యిలో వేస్తాను.”

“అమ్మా, ఇది నవ్వులాట కాదు.”

“నేను నవ్వానా? పాత సర్కారు మిల్లులో ముప్పయ్యొక్క ఏళ్లు మగ్గం ముందు నిలబడ్డాను. నా మనవరాలు ఆ బతుకు మీద ఆట కట్టిందంటే అది తప్పుగా కట్టిందో ఒప్పుగా కట్టిందో నాకు తెలియాలి. పంచవే పిల్లా.”

మిరపకాయల బల్ల మీది తొక్కలు ఒక పక్కకి నెట్టారు. లెంచే కూర్చోనంది. సుల్తానా ఆమె చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది.

కాలినా పేక కలుపుతూ రూళ్లు చెప్పింది. ఆమె గొంతు ఇంకా బిరుసుగానే ఉంది. ఒక్కొక్కరికి ఐదు ముక్కలు. కాలరు, చెయ్యి, మణికట్టు పట్టీ, జేబు, గుండీలు, ఈ అయిదూ కూడితే ఒక చొక్కా. చుట్టుకొక ముక్క కట్టలోంచి తీసుకోవాలి; ఎనిమిది చుట్లు అంటే ఎనిమిది గంటలు. ఎనిమిదో గంటలోగా చొక్కా పూర్తి చేయనివాళ్లు బయటికి. ఎవరైనా మరీ ముందుగా పూర్తిచేస్తే అందరికీ నోర్మా పెరుగుతుంది, అప్పుడు రెండేసి చొక్కాలు కుట్టాలి.

“ఇది మాత్రం నిజం,” అంది సుల్తానా. “మా రోజుల్లో అలా తొందరపడేదాన్ని మధ్యాహ్నం కుళాయి దగ్గర పట్టుకుని బుద్ధి చెప్పేవాళ్లం.”

“మేస్త్రమ్మ ముక్క ఎవరికొస్తే వాళ్లు వెనకబడ్డవాళ్ల దగ్గర ఒకటి లాక్కోవాలి,” అంది కాలినా, తల్లి వైపు చూడకుండా.

“అదే మాకు తెగటంలేదండీ,” అన్నాడు దమ్యాన్ పుస్తకం తెరిచి. “పదకొండుసార్లు ఆడి చూశాం. మా తరగతివాళ్లతో, మా నాన్న బట్టీ పనివాళ్లతో, నెవెనా వాళ్ల పెద్దమ్మ పిల్లలతో. ప్రతిసారీ ఐదో గంటకల్లా ఒకరు ఇక చొక్కా పూర్తి చెయ్యలేనంత వెనకబడిపోతున్నారు. ఇంక మిగతా మూడు గంటలూ ఆ మనిషి గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఆట చచ్చిపోతోంది.”

“చావాలి. అక్కడ అలాగే జరుగుతుంది,” అంది కాలినా.

“జరిగితే జరుగుతుంది, కానీ రెండోసారి ఎవరూ ఆడమనడం లేదు కదే!”

“మళ్లీ మొదలెట్టారు,” అంది నెవెనా. ఆ పిల్ల బొమ్మలు గీయడమే తప్ప మాట్లాడ్డం తక్కువ. రెండు నెలలుగా ఈ గొడవ వింటూనే ఉంది.

ఆట మొదలైంది. నెవెనా ఆడకుండా పక్కన కూర్చుంది, మిగతా నలుగురూ ఆడారు. నాలుగో గంటకి సుల్తానా వెనకబడింది. ఆమెకి కాలర్ల మీద కాలర్లు వస్తున్నాయిగానీ చొక్కాకి చెయ్యి రావడంలేదు. “చేతుల్లేని చొక్కా ఎవడికి వెయ్యమంటావే, మొండిచేతులవాడికా?” అని గొణిగింది.

ఐదో గంటలో లెంచే ఒక ముక్క తీసుకుంది. చూసుకుంది. ఆ ముఖం చూసి ఏం వచ్చిందో అందరికీ తెలిసిపోయింది.

తన బొమ్మ తన చేతిలోనే ఉంది.

అందరూ ఆగారు. రూలు ప్రకారం ఇప్పుడు ఆమె తన తల్లి చేతిలోంచి ఒక ముక్క లాక్కోవాలి. కాలినా ఆమె చేతుల వైపే చూస్తోంది. ‘లాక్కో. నువ్వు చేసే పనే కదా’ అన్నట్టుంది ఆ చూపు.

లెంచే ఆ ముక్కని బల్ల మీద బోర్లా పెట్టింది. కళ్లద్దాలు తీసింది. నడుముకి కట్టుకున్న తుండుతో నెమ్మదిగా తుడవడం మొదలుపెట్టింది.

“అమ్మా, ఆడు.”

“ఆడుతూనే ఉన్నాను. ఇప్పుడు నాకేమీ కనిపించడంలేదు.”

సుల్తానాకి క్షణం పట్టలేదు. చటుక్కున దమ్యాన్ వైపు అరచెయ్యి చాపింది. “ఒరే, నీ దగ్గర చేతులు రెండున్నాయి. ఒకటిటు పడెయ్. తొందరగా, అద్దాలు పెట్టుకునే లోపల!”

దమ్యాన్ అయోమయంగా ఒక ముక్క ఇచ్చాడు.

“అది రూల్లో లేదు!” అంది కాలినా.

“లైన్లో ఉంది,” అంది లెంచే. అద్దాలు ఇంకా తుడుస్తూనే ఉంది. “మా ఫానియా మణికట్లు వాచి ఆరేళ్లయింది. సూది పట్టుకుంటే వేళ్లు మూసుకోవు. నోర్మాలో సగం కూడా కుట్టలేదు. మిగతా పదిమందీ తలా రెండు దాని కట్టలో వేస్తారు. ఎప్పుడు వేస్తారో నాకు తెలుసు. అప్పుడు నేను వెనక కిటికీలోంచి బయటికి చూస్తాను. ఆరేళ్లుగా ఆ కిటికీలోంచి చూస్తున్నాను. అవతల ఏముందనుకున్నావు? గోడ.”

“మరి... అరిచావు కదా, ఆ రోజు లేచి నిలబడ్డావిడ మీద,” అంది కాలినా. గొంతులో బిరుసు పోయింది.

“అరవాలి. నేను అరవకపోతే అతనొచ్చి అరుస్తాడు. అతనొస్తే అరిచి ఊరుకోడు, కట్టలు లెక్కపెడతాడు. ఆ వేసవి రోజున అతను తలుపు దగ్గరే ఉన్నాడు. నీకు కిటికీలోంచి నేనే కనిపించాను, అతను కనిపించలేదు.”

కాలినా తన చేతిలో ముక్కల వైపు చూసుకుంది. అవేవీ కనబడటంలేదు.

ఆట మాత్రం ఆగలేదు. సుల్తానా ఆగనివ్వలేదు. ఆరో గంటలో దమ్యాన్‌కి గుండీలు కావలసివస్తే కాలినా ఇచ్చింది. ఏడో గంటలో మేస్త్రమ్మ ముక్క కాలినాకే వచ్చింది. ఆ పిల్ల కాస్త తటపటాయించి, దాన్ని బోర్లా పెట్టి, ఆకాశంకేసి చూసింది. ఎనిమిదో గంటకి నలుగురి ముందూ నాలుగు చొక్కాలున్నాయి. ఎవరూ బయటికి పోలేదు. ఎవరూ ముందు పరిగెత్తలేదు.

“నిలబడింది!” దమ్యాన్ కుర్చీ పడేసుకుంటూ లేచాడు. “ఆట నిలబడింది! బోర్లా పెడితే చూడనట్టు, తిప్పితే చూసినట్టు! ఎంతసేపు దొంగతనంగా ఇవ్వొచ్చు, ఎప్పుడు పట్టుబడతాం... రెండు నెలలుగా వెతుకుతున్నది ఇదే!” పెన్ను తీసి రాయబోయాడు.

లెంచే అరచెయ్యి ఆ పుస్తకం మీద పడింది.

“రాయొద్దు.”

“అదేంటండీ...”

“ఇది మూడో లైనులో పదకొండుమంది ప్రాణం. అతను చదివాడంటే ఒక్క నిమిషంలో లెక్క తెలిసిపోతుంది. ఫానియా ఒక్కతే కాదు, అందరూ పోతారు. నా బొమ్మ పెట్టుకోండి, నన్ను రాక్షసిని చేసుకోండి, ఫరవాలేదు. ఈ మాట మాత్రం ఈ బల్ల దాటకూడదు.”

“అది లేకపోతే ఆటే లేదు,” అన్నాడు దమ్యాన్, ఏడుపుగొంతుతో.

“ఒరే, నోరుముయ్యి,” అంది కాలినా. లేచి తల్లి పక్కకి వచ్చింది. “రాయం అమ్మా. నీకు మాటిస్తున్నాను. కానీ ఆట మాత్రం మానం. అతను వద్దన్నాడని మానం.”

లెంచే ఒప్పుకుందో లేదో చెప్పలేదు. పేక కట్ట మాత్రం పొయ్యిలో వెయ్యలేదు.

*

సోమవారం ప్రిన్సిపాలమ్మ ముగ్గురినీ గదికి పిలిచింది. మంచి మనిషే. మంచితనం వల్లనే ఆమెకి ఎవరితోనూ గొడవ పడటం చేతకాదు.

“పిల్లలూ, ఆట చాలా తెలివిగా ఉంది. కొంచెం మార్చండి చాలు. కుట్టుపనివాళ్లెందుకు? తేనెటీగలు చెయ్యండి. చొక్కాకి బదులు తేనెపట్టు. ఎంత ముద్దుగా ఉంటుంది!”

“తేనెటీగలకి నోర్మా ఉండదు మేడమ్,” అంది కాలినా.

“మేస్త్రమ్మని రాణీ ఈగ చెయ్యండి.”

“రాణీ ఈగకి స్లావ్కో గారు ఫోను చూపించరు కదా మేడమ్.”

ప్రిన్సిపాలమ్మ నుదురు రుద్దుకుంది. “అమ్మా కాలినా, హాల్లో బల్లలన్నీ ఆయన ఇప్పించినవే. నా పరిస్థితి అర్థం చేసుకో.”

“అర్థమైంది మేడమ్. ఆయన బల్ల మాకొద్దు. మా బల్ల మేం తెచ్చుకుంటాం.”

“హాల్లో కుదరదంటున్నాను.”

“గేటు బయట రోడ్డు ఆయనది కాదు కదా,” అంది నెవెనా. ఆ గదిలో ఆ పిల్ల నోరు విప్పింది అదొక్కసారే.

*

శనివారం పదిగంటలకల్లా బడి గేటు పక్కన సుల్తానా గారి మిరపకాయల బల్ల పడింది. ఎంత కడిగినా చెక్క ఇంకా ఎర్రగానే ఉంది. నెవెనా ఒక అట్ట మీద ‘నోర్మా: నలుగురు ఆడే ఆట’ అని రాసి గేటు ఊచకి కట్టింది. కాలినా రూళ్ల కాగితం బల్ల మీద పెట్టి నాలుగు మూలలా నాలుగు రాళ్లు ఉంచింది. దానిమీద పాత రూళ్లే ఉన్నాయి. మాట మాటే.

లోపల హాల్లో బాజాలు మోగుతున్నాయి. బయట ఈ బల్ల దగ్గర మొదటి అరగంట ఎవరూ ఆగలేదు. తర్వాత ఒక తండ్రి ఆగాడు. తర్వాత, ఆ రోజు షిఫ్టు లేని కుట్టుపని ఆడవాళ్లు ఇద్దరు. వాళ్లు కూర్చుని మొదటి ముక్కలు చూడగానే ఒకరినొకరు చూసుకుని పెద్దగా నవ్వారు. “ఒసే, ఇది మన కాలరే! ఇలా వంకరగా కుట్టేది నువ్వే!”

పన్నెండు గంటలకి శనివారం షిఫ్టు దిగింది. మూడో లైను ఆడవాళ్లు ఇళ్లకి పోతూ అటే వచ్చారు. వాళ్లతో ఫానియా ఉంది. ముసలిది కాదు, నలభై దాటి ఉంటుంది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నడుస్తుంది. వాళ్లందరి వెనక లెంచే ఉంది. బల్ల దగ్గరికి రాలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

ఆ గుంపు చూసే కాబోలు, స్లావ్కో హాల్లోంచి బయటికొచ్చాడు. చేతిలో కాఫీకప్పు ఉంది. గట్టిగా ఉంటాడు మనిషి. ఒకప్పుడు తనూ కత్తెర పట్టి బట్ట కోసినవాడే, ఆ సంగతి ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు.

“నా మీద ఆటట కదా! మరి నన్ను పిలవకుండా ఆడుతున్నారేం? నాకూ పంచండి.”

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కాలినా కుర్చీ జరిపింది. “కూర్చోండి. మీకూ ఐదే ముక్కలు.”

ఆడవాళ్లు నవ్వలేదుగానీ నవ్వినంత పని చేశారు.

అతనికి ఎదురుగా సుల్తానా కూర్చుంది. పక్కన ఫానియాని ఎవరో తోసి కూర్చోబెట్టారు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపు చూసి, లెంచే గోడ వదిలి వచ్చి అందులో కూర్చుంది.

స్లావ్కో ఆట త్వరగా పట్టేశాడు. తెలివైనవాడు. మూడో గంటకే కాలరూ, చెయ్యీ, పట్టీ కూడబెట్టాడు. “చూశారా? చేతివాటం ఉండాలిగానీ నోర్మా ఎంతసేపు!” అన్నాడు సరదాగా.

ఫానియా వంతు వచ్చినప్పుడల్లా ఆట ఆగుతోంది. పల్చటి అట్ట ముక్కలు. ఆమె వేళ్లు వాటిని పట్టలేకపోతున్నాయి. ఒకటి జారి కింద పడింది. దమ్యాన్ వంగి తీసిచ్చాడు. ఇంకొకటి జారింది.

“ఏం ఫానియా, పేక పట్టుకోడానికి కూడా నీకు నోర్మా పెట్టాలా?” అన్నాడు స్లావ్కో.

కోపంగా అన్నమాట కాదు. హాస్యానికే అన్నాడు. ఫానియా కూడా నవ్వబోయింది. అలవాటు. ఆ నవ్వు సగంలో ఆగిపోవడం లెంచే చూసింది.

తర్వాతి వంతు లెంచేది. ముక్క తీసుకుంది. మేస్త్రమ్మ.

స్లావ్కో అటు వంగి చూసి చెయ్యి బల్ల మీద కొట్టాడు. “భలే! నీ బొమ్మ నీకే వచ్చింది! వెనకబడ్డది ఎవరో కనబడుతూనే ఉంది. తీసుకో లెంచే, ఒకటి లాక్కో. రూలంటే రూలు. నేను పెట్టింది కాదు, మీ అమ్మాయి పెట్టిందే!”

ఫానియా తన ముక్కలు ముందుకు చాపింది, తీసుకోమన్నట్టు. లెంచే వాటిని చూసింది. వాటిని పట్టుకున్న వేళ్లని చూసింది.

గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్లు బల్లకేసి మెడలు చాచారు. ఏం జరగబోతోందో వాళ్లకి తెలియదు. కాలినాకి తెలిసింది. “అమ్మా, వద్దు,” అంది పైకి వినబడేట్టు.

లెంచే ఆ ముక్కని బోర్లా పెట్టింది. ఈసారి కళ్లద్దాలు తుడవలేదు. తల కూడా తిప్పలేదు. సూటిగా స్లావ్కో ముఖంలోకి చూస్తూ, తన చేతిలోంచి ఒక ముక్క తీసి ఫానియా ముందు పెట్టింది.

“ఇదిగో చెయ్యి. నీకు కావలసింది ఇదే కదా.”

“అదేంటి?” అన్నాడు స్లావ్కో. “ఇది రూల్లో ఉందా?”

అందరూ రాళ్లు పెట్టిన కాగితం వైపు చూశారు.

“లేదు,” అంది కాలినా.

“రాయి,” అంది లెంచే.

“నీకు మాటిచ్చాను అమ్మా.”

“నాకే కదా ఇచ్చావు. నీ మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. రాయి.”

కాలినా వెనక్కి తిరిగి లైను ఆడవాళ్లని చూసింది. ఇది తల్లి ఒక్కర్తి మాట కాదు, వాళ్లది కూడా. అందరిలోకి పొట్టిగా ఉన్న ఒకావిడ గొంతు సవరించుకుంది. “పెద్ద అక్షరాలతో రాయమ్మా, దూరంనుంచి కూడా కనబడాలి,” అంది. మరొకావిడ భయంగా ఒక అడుగు వెనక్కి వేసింది, కానీ వెళ్లిపోలేదు.

దమ్యాన్ పెన్ను అందించాడు. కాలినా వంగి రాసింది. రాస్తూ ఒక్కొక్క మాటా పైకి చదివింది. “మేస్త్రమ్మ ముక్కని బోర్లా పెట్టవచ్చు. అది బోర్లా ఉన్నంతసేపూ ఎవరైనా ఎవరికైనా ముక్క ఇవ్వవచ్చు.”

స్లావ్కో ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. ముందు కళ్లలోంచి పోయింది, పెదాల మీద మాత్రం కాసేపు మిగిలింది. అతను ఫానియా చేతుల వైపు చూశాడు. తర్వాత గోడ పక్కన ఉన్నవాళ్లని ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. లెక్కపెడుతున్నాడని అందరికీ తెలిసింది.

“ఎన్నాళ్లనుంచి ఉంది ఈ రూలు?”

“ఆరేళ్లనుంచి,” అంది లెంచే.

“ఆరేళ్లు నా ఫ్యాక్టరీ కప్పు కింద.”

“మీ కప్పు కిందే. నోర్మా ఏ రోజూ తగ్గలేదు. ఒక్క చొక్కా తక్కువ రాలేదు మీకు. ఎవరు కుట్టారన్నదే తేడా, మీకు పోయిందేమీ లేదు.”

“అది నిర్ణయించేది నువ్వు కాదు.” కాఫీకప్పు బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు. “సోమవారం మూడో లైనుకి కొత్త మేస్త్రమ్మ వస్తుంది.”

హాల్లో బాజాలు ఆగిపోయాయి. గేటు లోపల మెట్ల మీద ప్రిన్సిపాలమ్మ, ఆమె వెనక ఇంకొంతమంది తల్లిదండ్రులు వచ్చి నిలబడ్డారు. ‘నా వల్లే’ అనుకుంది కాలినా. తల్లి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా ఆగింది. ఆ భుజం వణకటంలేదు.

“రానివ్వండి,” అంది ఫానియా. ఆ రోజు ఆమె మాట్లాడిన మొదటి మాట. “ఆవిడకీ ఈ ఆట నేర్పుతాం.”

వెనకనుంచి ఎవరో “ఔను” అన్నారు. సుల్తానా మాత్రం ఏమీ జరగనట్టు తన ముక్కలు సర్దుకుంటోంది.

స్లావ్కో కుర్చీ వెనక్కి జరిపాడు. లేవబోయాడు.

“సోమవారం ఇంకా రాలేదు స్లావ్కో గారూ,” అంది లెంచే. “ఇవాళ శనివారం. మీ చేతిలో ఇంకా ముక్కలున్నాయి. వంతు మీది. వెయ్యండి.”

రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగారు. ఇప్పుడు లేచి వెళ్తే, పిల్లలు అట్టతో చేసిన ఆటకి ఓడి పారిపోయినట్టు. ఉంటే, ఆ కొత్త రూలు ప్రకారం ఆడినట్టు.

అతను లేవలేదు. ముక్క కూడా వెయ్యలేదు.